సీల్ తిన్న గింజలు

సీల్ పెంట వాసన ఒకసారి చేతికి పట్టిందంటే ఏ సబ్బుకీ వదలదు. అందుకే అంటార్కిటికా తీరపు మంచు మీదున్న ఆ అర్జెంటీనా శిబిరంలో నెలీదాని ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. మాతే అనే ఆకుల కషాయాన్ని ఎండు సొరబుర్రలో పోసి అందరూ ఒకే గొట్టంతో పీలుస్తారు. ఆ బుర్ర ఆమెని దాటేసి అవతలివాడి చేతికి పోతుంది.

"ఆ చేతుల్తో నా గరిటె ముట్టుకున్నావో, రేపట్నుంచి నీ భోజనం సీళ్లతోనే" అంటాడు వంటవాడు కిరోగా, టమాటా పులుసు కలుపుతూ.

మంచు కింద నాలుగు వందల మీటర్ల లోతుకి మునిగిన సీల్ ఏం వేటాడిందో తెలియాలంటే దాని పెంటని జల్లెడ పట్టాలి. పట్టేది నెలీదా. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని రెండు గజాల దూరంలో నిలబడేది ఆమె పై శాస్త్రవేత్త డాక్టర్ లెస్కానో. పోయినేడు మూడు నెలలు కడిగి కడిగి, ఆ లోతులో సీల్ పట్టే చేప ఏదో ఆమె కనిపెట్టింది. అచ్చయిన వ్యాసంలో లెస్కానో పేరొక్కటే ఉంది.

"పెంట కడిగినవాళ్లందరి పేర్లూ వేస్తారా అమ్మాయ్?" అన్నాడు అడిగితే.

ఆ మాట ఆమె మర్చిపోలేదు.

ఈసారి ఆమె తెచ్చిన బకెట్టులోది కడిగితే జల్లెడలో చేప ముల్లు ఒక్కటీ లేదు. చదునైన పసుపు గింజలు మిగిలాయి.

లెస్కానో రుమాలు జారిపోయింది. "గింజలా? అంటే మంచు కింద మొక్కలున్నాయి. సీల్ వాటిని మేస్తోంది."

ఒక గింజని వేళ్లతో నలిపాడు. వాసన చూశాడు. ఆఖరికి నాలుక మీద కూడా పెట్టుకున్నాడు. ఛీ, మనిషన్నవాడు చేసే పనేనా? నెలీదా మొహం తిప్పేసుకుంది.

"ఇంకో బకెట్టు కూడా చూసి చెబుదాం డాక్టరుగారూ."

"అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా సీళ్లతో బతుకుతున్నా. ఆ మాత్రం వాసన పట్టలేనా?"

"అయితే నా పేరు..."

"అదిగో, మళ్లీ మొదలెట్టావా?"

"వెయ్యొద్దనే చెబుతున్నానండీ. ఈ ఘనత మొత్తం మీదే."

లెస్కానో కరిగిపోయాడు. ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని మెచ్చుకున్నాడు. అప్పటికప్పుడు రేడియోలో బ్వేనోస్ ఐరెస్‌కి కబురు చెప్పేశాడు. మర్నాడు వార్తల్లో ప్రపంచమంతా విన్నది ఒక్క పేరే.

వార్తలయ్యాక నెలీదా గింజలొచ్చిన ఆ బకెట్టుని శుభ్రంగా కడిగి, తెచ్చినచోటే, లెస్కానో మరుగుదొడ్డిలో మళ్లీ పెట్టేసింది.