ఎర్రజెండా ఎవరికి

ప్రపంచ సముద్ర సభ ఎర్రజెండా ఎగరేయమన్న రోజున ఏ దేశపు పడవా వేటకు వెళ్లకూడదు. పదహారేళ్లుగా అందరూ ఆ మాట పాటించారు. కనుమరుగైన చేపలు మళ్లీ తీరానికొచ్చాయి. తన ఊళ్లో ఆ జెండా ఎత్తే పని నూకరత్నానిది.

ఆ తెల్లవారుజామున ఆమె మణికట్టు తెర మీదికి సభ ఉత్తర్వుతో పాటు మరో కబురూ వచ్చింది. ఐదు పెద్ద దేశాల ఓడలకు ఈసారి మినహాయింపు ఇచ్చారట. ఆ సంగతి ఊళ్లో చెప్పవద్దట.

ఆమె జెండా ఎత్తేసరికి మరిది అప్పలకొండ పడవ దగ్గర వల సర్దుతున్నాడు.

"వదినా, ఇయ్యాల అందరూ ఆగినట్టేనా?" అని అడిగాడు.

అవునంటే సరిపోయేది. కానీ అతని ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయింది.

"లేదు మరిదీ. పెద్దోళ్ల ఓడలు ఎల్తన్నాయి. మనల్నే ఆగమన్నారు."

ఆ మాట విని మిగతా పడవలవాళ్లూ చుట్టూ చేరారు. అప్పలకొండ వల కింద పెట్టాడు.

"ఈపూటకి ఆగుతాం వదినా. ఆళ్లు సెప్పారని కాదు, నువ్వు నిజం సెప్పావని."

నూకరత్నం తలెత్తలేకపోయింది. ప్రపంచమంతా కలిసి మోసిన మాట ఇప్పుడు తన ఒక్కదాని మీద పడింది. రేపు మళ్లీ జెండా ఎత్తమంటే ఏం చెప్పి వీళ్లను ఆపాలో ఆమెకు తోచలేదు.