భద్రంగా ఉంచిన సరుకు

తాళాల షాపాయన మూడు కొత్త తాళాలు వకీలు బల్ల మీద పెట్టి, ఒకే తాళంచెవితో మూడూ తీశాడు.

"చూశావా?"

వకీలు స్వయానా ఆయన బావమరిది. నవ్వు ఆపుకున్నాడు. "మంచిదేగా బావా, ఒక్క చెవి మోస్తే చాలు."

"నీకు వేళాకోళంగానే ఉంటుంది. నిన్న ఒకాయన తన ఇల్లే అనుకుని కింది అంతస్తు తాళం తీసి, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాట్ట. ఆ ఇంటావిడ షాపుకొచ్చి నన్ను కడిగిపారేసింది. మా నాన్న పెట్టిన షాపు, ఇన్నేళ్ళలో ఎవరి చేతా మాట పడలేదు. ఆ కంపెనీవాణ్ణి అడిగితే, మా సరుకు బంగారం, మీరే ఏదో చేసుంటారంటాడు."

"ఈ సరుకు మాకొద్దని రాసి పంపాం కదా. మార్చి ఇమ్మనొచ్చు, డబ్బు వాపసు అడగొచ్చు, పోయిన బేరాలకు నష్టపరిహారమూ అడగొచ్చు. చట్టం మనవైపే ఉంది."

"ఉంటే ఇంకా ఈ నాన్చుడేమిటి?"

"రేపు వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడు. అంతదాకా ఒక్కటి కూడా అమ్మకు. ఈ మూడూ తీసుకెళ్ళి మిగతావాటితోనే పెట్టు. సరుకు చూపించలేకపోతే మన మాట ఎవరూ వినరు. భద్రం."

"తాళాలమ్మేవాడికి భద్రం గురించి చెప్తున్నావా?"

విసుక్కుంటూనే వెళ్ళి పెట్టెలన్నీ షాపు వెనక గోడౌనులో పెట్టించాడు. తలుపుకున్న పాత తాళం తుప్పుపట్టి మొరాయించింది. దాన్ని అవతల పారేసి, కొత్తది నొక్కి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు వకీలూ, కంపెనీ మనిషీ వచ్చారు. షాపాయన దర్జాగా తాళం తీసి, గొళ్ళేనికే తగిలించి, తలుపు తోశాడు.

"కళ్ళారా చూడండి."

గోడౌను ఖాళీ. పెట్టె కాదు కదా, అట్టముక్క కూడా లేదు.

"ఏదండీ సరుకు?" కంపెనీ మనిషి మర్యాదగానే అడిగాడు.

షాపాయన కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "ఎలా పోతుందయ్యా? తాళం వేసింది వేసినట్టే ఉంది. చెవి నా జేబులోంచి కదల్లేదు."

వకీలు లోపలికి కాక తలుపు వైపు చూశాడు. తల పట్టుకున్నాడు.

"సరుకులో ఒక్కటి మాత్రం మిగిలింది బావా."

"ఏదీ, ఎక్కడ?" షాపాయన ఆశగా ఖాళీ మూలలన్నీ వెతికాడు.

అది గొళ్ళేనికి వేలాడుతోంది.