రెండు తెరల బల్ల

"ఈ సీటు నాదండీ."

బల్ల ముందు కూర్చున్నావిడ ఉలిక్కిపడి, ఎదురుగా ఉన్న రెండు పెద్ద తెరల మీది బొమ్మలను చప్పున మూసేసింది.

అతను అది చూడనే చూశాడు. దాచుకునే పనేదో చేస్తోందనుకున్నాడు.

అది గంటల లెక్కన బల్లలు అద్దెకిచ్చే ఆఫీసు. రోడ్డుకు అవతల ఆస్పత్రి. అందులో అతని తల్లి కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. స్కాన్ తీశారు. రిపోర్టు వస్తేగాని ఆపరేషనో మందులో తేలదు. అక్కను తల్లి దగ్గర కూర్చోబెట్టి, మేనేజరుతో ఆన్‌లైన్ మీటింగు ఉందని అతనిలా వచ్చాడు.

"ఒక్క పావుగంట ఆగుతారా? పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. లాప్‌టాప్‌లో కంటికి ఆనడం లేదు," అందావిడ.

"ఏమిటవి? కర్టెన్ల డిజైన్లా?"

ఆవిడ నొచ్చుకుంది. "అర్జెంటు పనండీ. పక్క బల్ల ఖాళీయే కదా."

"దానికి తెరలేవీ? నేను బుక్ చేసుకున్నది దీన్ని."

"ఖాళీగా ఉందని కూర్చున్నాను. పొరపాటే, కానీ..."

"పొరపాటని మీరే అంటున్నారు. ఇంకా కానీ ఏమిటి?"

మేనేజరు మీద కోపం, ఆస్పత్రి మీద మంట. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అన్నీ ఆవిడ మీదికే మళ్లాయి. తెరలను కలిపే డాకింగ్ స్టేషన్ నుంచి ఆవిడ లాప్‌టాప్‌కు వెళ్తున్న వైరును తనే పీకేశాడు. రెండు తెరలూ నల్లబడ్డాయి.

ఆవిడ లాప్‌టాప్ చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ వైరే తన లాప్‌టాప్‌కు తగిలించుకున్నాడు. తెరలు వెలిగాయి. అంతలో మేనేజరు నుంచి మెసేజ్. మీటింగు రేపటికి వాయిదా.

అతనికి మనసులో ఎక్కడో చివుక్కుమంది. లేచి కిటికీలోంచి చూశాడు. ఆవిడ కనిపించలేదు. పోనీలే, నా సీటు నేను అడిగాను, తప్పేముంది అని సర్దిచెప్పుకున్నాడు. ఒక తెర మీద వార్తలు, రెండో తెర మీద క్రికెట్ పెట్టుకున్నాడు. ఏదీ తలకెక్కలేదు.

చాలాసేపటికి అక్క ఫోన్ చేసింది.

"అమ్మను ఆపరేషన్‌కు తీసుకెళ్లార్రా. భయం లేదన్నారు."

"ఇప్పుడా? ఇంతసేపూ ఆ రిపోర్టు రాసేవాళ్లు నిద్రపోతున్నారా?"

"అలా అనకురా. స్కాన్ చూసి రిపోర్టు రాసే డాక్టరమ్మకి ఇవాళ సెలవట. అర్జెంటని పిలిస్తే పరిగెత్తుకొచ్చింది. ఇక్కడి పెద్ద తెరలు పాడయ్యాయని లాప్‌టాప్ పట్టుకుని ఎదురుగా ఏదో ఆఫీసుకు వెళ్లిందట."

అతను తెర మీది క్రికెట్ ఆపేశాడు.

"సగంలో ఎవడో వైరు పీకి లేపేశాడట. ఇంకెక్కడో చోటు వెతుక్కుని పూర్తి చేసింది. అంతసేపూ అమ్మ ఏడుస్తూనే ఉందిరా."

అతను సిగ్గుతో తన లాప్‌టాప్‌కు తగిలించిన ఆ వైరును పీకేశాడు.

"వింటున్నావా? నేనొక్కదాన్నే ఉన్నానని, తమ్ముడు వచ్చేదాకా తోడుంటానని ఆవిడ నా పక్కనే కూర్చుంది, తొందరగా రా."