పోతమ్మ అడిగిన సలహా

మద్దిలపాలెం బస్టాప్‌లో లాక్కొచ్చిన ఫోన్‌ని వెంటనే అమ్మేయాలా, ముందు చదవాలా అన్న దగ్గర బావాబామ్మర్దులకి మాట తేడా వచ్చింది.

దొరబాబు అమ్మేద్దామన్నాడు. ఒకావిడ వాడుతుండగానే నవీన్ బైక్ మీంచి లాగేశాడు కాబట్టి ఫోన్‌కి లాక్ పడలేదు. సిమ్ తీసేశారు, లొకేషన్ ఆపేశారు. ఆవిడ గూగుల్‌లో వెతికినవన్నీ దొరబాబు ఆ సాయంత్రమే చూశాడు. కుక్కర్ వాషర్. యారాడ బస్సు టైము. మోకాలి నొప్పికి నూనె.

"ఇందులో ఏటుందిరా? అమ్మెయ్."

నవీన్ ఒప్పుకోలేదు. మర్నాడు కంచరపాలెంలో బావగారి ఇంటి మెట్ల మీద కూర్చుని, తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, ఆవిడ ఫోన్‌లో ఉన్న ఏఐ యాప్ తెరిచాడు.

"గూగుల్‌ని రెండు ముక్కల్లో అడుగుతారు బావా. ఏఐతో అయితే కష్టం సుఖం అన్నీ సెప్పుకుంటారు. ఇదిగో, సూడు."

దొరబాబు చూశాడు. ఆవిడ రాసింది అన్నిటికన్నా పైన ఉంది.

"నా పేరు పోతమ్మ. మాది యారాడ, రామాలయం వెనక నీలం తలుపు ఇల్లు. మా ఆయన బోటు మీద వేటకెళ్లాడు. వారం దాకా రాడు. పొద్దున్నే నేను ఎండుచేపలు అమ్మడానికి పోతే మధ్యాహ్నం వరకూ ఇంట్లో ఎవరూ ఉండరు. పెరటి తలుపు గడియ ఊడిపోయింది. నా బంగారం వంటింట్లో ఎండుచేపల బుట్ట అడుగున పెట్టాను. ఆ వాసనకి ఎవరూ చెయ్యి పెట్టరు కదా? నేను చేసింది మంచి పనేనా?"

కింద ఏఐ జవాబు ఉంది. మంచి పని కాదంది. గడియ బాగు చేయించమంది. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టుకోమంది.

"బుద్ధిగానే సెప్పింది," అన్నాడు నవీన్. "ఆవిడ ఇనేలోపు మనం ఎల్లాల."

దొరబాబు ఇంట్లోకి చూశాడు. ఈశ్వరి గ్రైండర్ దగ్గర ఉంది. ఆ మోతలో వీళ్ల మాటలు ఆమెకి వినపడవు. ఆమె అతని భార్య, నవీన్‌కి అక్క. కిందటేడు అతను జైలు నుంచి వచ్చినప్పుడు ఆమె ఒకటే మాట అంది. ఇంకోసారి పోలీసులు ఈ గుమ్మం తొక్కితే పిల్లని తీసుకుని వెళ్లిపోతాను, మళ్లీ రాను అని. ఈశ్వరి అన్నంత పనీ చేసే మనిషి.

"ఫోన్లయితే సరే. ఇల్లంటే నాను రాను."

"మనిసుండని ఇల్లు. గడియ లేని తలుపు. దాన్ని దొంగతనం అనకు బావా, తెచ్చుకోడం అను."

"గూగుల్‌లో కూడా ఓసారి సూడరాదేటి, ఆ ఊరి సంగతి?"

"ఏటి సూడాల? పది లింకులు మొగాన కొట్టి నువ్వే ఏరుకో అంటాది. ఇదైతే మొత్తం ఒక్కసోటే ఉంది. ఇల్లు, తలుపు, బుట్ట. ఇంకేటి కావాల నీకు?"

బైక్ దగ్గర మాత్రం ఉంటానని దొరబాబు ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బైక్ మీద సింధియా జంక్షన్ దాటి, కొండ ఎక్కి దిగారు. మే నెల ఎండ అప్పటికే కాస్తోంది. నీలం తలుపుకి తాళం వేసి ఉంది. నవీన్ పెరటి వైపు వెళ్లాడు. దొరబాబు ఇంజన్ ఆపకుండా వీధి చివర నిలబడ్డాడు.

అక్కణ్ణించి ఒడ్డు కనపడుతోంది. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. రేకుల షెడ్డు కింద మగవాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. ఒకతను బీడీ వెలిగించుకుంటూ ఇటు వచ్చాడు.

"ఇయ్యాల ఎవులూ ఏటకెల్లలేదేటి?" అడిగాడు దొరబాబు.

"ఏటెక్కడిది బావా, నిషేధం కదా. సేపలు గుడ్లెట్టే కాలం. జూన్ దాకా ఒక్క బోటూ కదలదు. ఏ ఊరేటి నీది?"

దొరబాబుది విజయనగరం వైపు పల్లె. తండ్రి చెరకు వేసేవాడు. చేపల గురించి దొరబాబుకి తెలిసింది పులుసు వరకే. నవీన్‌కీ అంతే.

బోట్లు కదలకపోతే పోతమ్మ మొగుడు వేటకి ఎలా వెళ్లాడు?

బైక్ తిప్పితే కొండ దారి. కానీ నీ తమ్ముణ్ణి వదిలేసి వచ్చానని ఈశ్వరికి ఎలా చెప్పాలి? బైక్ అక్కడే పడేసి పెరటి వైపు పరిగెత్తాడు.

నవీన్ వంటింట్లో బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నెత్తళ్ల ఎండుచేపలు అంటుకున్నాయి. బుట్టలో ఇంకేమీ లేదు. లోపలి గది గుమ్మంలో పోతమ్మా, ఆమె మొగుడూ నిలబడ్డారు. దొరబాబు వెనక్కి తిరిగేసరికి పెరటి తలుపు దగ్గర బీడీ అతను, వెనక వలల దగ్గర్నుంచి వచ్చినవాళ్లు.

"రా నాయనా, నీ కోసమే సూత్తన్నాం," అంది పోతమ్మ. "నా ఫోనేదీ?"

నవీన్ జేబులోంచి తీసి ఇచ్చాడు.

"అమ్మా, పోలీసులొద్దు," అన్నాడు దొరబాబు. "నా ఇంటిది ఎల్లిపోతాది."

"ఆల్ల బండి కొండెక్కేసింది. నీ ఇంటిదాన్ని ముందు తలుసుకోవాల్సింది."

నవీన్ మాత్రం ఇంకా బుట్టలోకే చూస్తున్నాడు.

"మొగుడు లేడన్నావు, బంగారం ఉందన్నావు. అన్నీ అబద్ధాలే! ఫోన్ పోకముందే ఆ ఏఐకి అన్ని అబద్ధాలెందుకు సెప్పినావు పిన్నీ?"

"ముందెవులు సెప్పినారు? నువ్వు లాక్కుపోయిన సాయంత్రం మా పాప ఫోన్లో ఆ ఏఐలో నా అకౌంట్ తెరిసినాను. పాప ఫోన్లో రాసింది నా ఫోన్లోనూ కనపడతాదంట, నువ్వు సదూతావనే రాసినాను."