రెండు అంతస్తుల మధ్య

“లిఫ్ట్ మళ్ళీ ఆగింది,” అంది మేనేజర్ మేడమ్, తల ఎత్తకుండానే. బల్ల మీద రెండు ఫోన్లు పోటీ పడి మోగుతున్నాయి.

“మిషన్లో లోపం లేదు మేడమ్. లోపల ఎవరో స్టాప్ బటన్ నొక్కుతున్నారు,” అన్నాడు మెకానిక్.

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మావాళ్ళ మీదికి తోసేయకు. ఇంకోసారి ఆగితే నీ కాంట్రాక్టు రద్దు చేయమన్నారు ఓనరుగారు.”

ఈ కాంట్రాక్టు పోతే ఇల్లు గడవదు. అతను బయటికొచ్చేసరికి జేబులో ఫోన్. భార్య.

“ఇల్లనేది ఒకటుందని గుర్తుందా?”

“ఉంది. అడ్రసే మర్చిపోయా.”

“ఈ ఆదివారం కూడా డ్యూటీయేనా? మీ ఆయన ఉన్నాడా అని అడుగుతున్నారు పాస్టరుగారు.”

“ఊపిరుందని చెప్పు.”

నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

నొక్కే మనిషిని పట్టుకోవాలంటే ఒకటే దారి. భోజనాల వేళ, ఎవరూ చూడకుండా పై అంతస్తు తలుపు తెరిచి లిఫ్ట్ పైకప్పు మీదికి దిగాడు. రిపేరుకి నిలబడే చోటది. చీకటి. గ్రీజు వాసన. ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

లిఫ్ట్ కిందికి వెళ్ళింది. ఎవరో ఎక్కారు. మూడు, నాలుగు అంతస్తుల మధ్య టక్కున ఆగింది.

దొంగ దొరికినట్టే. చెవి రేకుకి ఆనించాడు.

లోపల ఒక ఆడమనిషి సన్నగా ఏడుస్తోంది. ఫ్యాన్ హోరులో గొంతు పోల్చలేకపోయాడు.

“ప్రభువా, ఇంట్లో చాకిరీ. ఇక్కడ పొద్దస్తమానం అరుపులు. నన్నెవరూ పిలవని చోటు ఈ డబ్బా ఒక్కటే. అలిసిపోయాను తండ్రీ. కాసేపు నీ దగ్గర కూర్చోనివ్వు.”

తర్వాత మాటల్లేవు. ఏడుపు మెల్లగా సర్దుకుంది.

పైన అతని ఫోన్ కూడా మోగలేదు. అక్కడ సిగ్నల్ అందదు. ఇంత నిశ్శబ్దం విని ఎన్నాళ్ళయిందో. బిగుసుకున్న భుజాలు వాటంతటవే వదులయ్యాయి. కళ్ళు మూసుకున్నాడు.

“నీ శాంతి సమాధానం ఇచ్చావు. చాలు ప్రభువా,” అంది కింది గొంతు.

చిన్ననాటి అలవాటు. అతని నోట్లోంచి “ఆమెన్” జారిపోయింది. నాలుక్కరుచుకున్నాడు.

కింద బటన్ టక్కుమంది. లిఫ్ట్ కదిలింది.

అతను పైకప్పు దిగి వస్తుంటే, వరండాలో తుడిచే ఆవిడ ఫినాయిల్ బకెట్‌తో ఎదురైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏంటన్నా, బూజుకర్రలా తయారయ్యావు?”

“ఏం లేదక్కా.”

చెబితే ఈమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తనది. మెట్లు దిగుతున్నంతసేపూ అదే ఆలోచన.

“తప్పు మాదే మేడమ్,” అన్నాడు మేనేజర్ గదిలో. “స్విచ్ అరిగిపోయింది.”

“ఎవరో నొక్కుతున్నారన్నావు?”

“పొరపాటు పడ్డాను. పాత మిషన్ మేడమ్. భోజనాల వేళ కాసేపు ఆగితే ఆగనివ్వండి. దానంతటదే కదుల్తుంది.”

“కాంట్రాక్టు పోతుందని తెలిసే అంటున్నావా?”

“తెలిసే మేడమ్.”

ఆమె అతన్ని చాలాసేపు చూసి, ఓనరుకి ఫోన్ చేసింది. “పాత లిఫ్ట్ సార్. కాసేపు ఆగితే కొంపేం మునగదు. ఈ మెకానిక్‌నే ఉంచుదాం.”

ఫోన్ పెట్టేసి, లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఇందాక నా ప్రార్థనకి పైనుంచి ఆమెన్ అన్నది నువ్వేనా?”