పదకొండో గుంజ

పదకొండో గుంజ మళ్లీ జరిగింది.

గార్డుకి ఒళ్లు మండిపోయింది. పటం తీసి చూశాడు. వంగిన తుమ్మచెట్టుకి సూటిగా ఉండాల్సిన గుంజ, నాలుగడుగులు కుడికి పోయి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

అది పక్షుల రక్షణకేంద్రంలో తొమ్మిది కిలోమీటర్ల నడకదారి. గేటు దగ్గర మొదలై, ఏటి గట్టు మీదుగా వెళ్లి, కాలవ గట్టెక్కి, చివర్లో పక్షుల మడుగుల మధ్య బురదనేలలోంచి తిరిగి గేటుకే వస్తుంది. గట్ల మీద కళ్లు మూసుకుని నడవచ్చు. బురదలో మాత్రం ఎర్రతల గుంజలే దిక్కు. గుంజ నుంచి గుంజకి నడిస్తే గట్టినేల. పక్కకి అడుగేస్తే అంతే సంగతులు.

పటంలో ఎక్కడుంటే గుంజ అక్కడుండాలి. ప్రతి సోమవారం రేంజరు వచ్చి సరిచూస్తాడు.

"ఇంకోసారి తేడా వస్తే నిన్ను పర్మనెంటు చెయ్యడం కాదు, ఇంటికి పంపిస్తా," అని మొన్ననే చెప్పి వెళ్లాడు.

ఇంట్లో భార్యేమో, పర్మనెంటు అయిపోయిందని అప్పుడే చుట్టాలందరికీ చాటేసింది.

దొంగ ఎవరో గార్డుకి తెలుసు. అందరూ ఏటి వైపు నుంచి నడక మొదలుపెడితే, ఆ ముసలాడొక్కడూ బురద వైపు నుంచి ఎదురు నడుస్తాడు. బూడిదరంగు టోపీ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో తనకంటే పొడుగు వెదురు కర్ర. పలకరిస్తే పలకడు. పిట్టల్ని చూడడు. నేలను పొడుచుకుంటూ పోతాడు.

శనివారం పొద్దున్నే గార్డు రెల్లు చాటున కాపు కాశాడు. ముసలాడు గుంజ మీద చెయ్యి వెయ్యగానే పట్టుకున్నాడు.

"దొరికావా. ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఈ పని?"

"నువ్వు రాకముందు నుంచి."

"ఎవరు నువ్వు?"

"నడిచేవాణ్ణి. పక్కకి తప్పుకో."

"గుంజలు పీకేది నువ్వు, తప్పుకోవాల్సింది నేనా? ఇదిగో, ఎక్కడుండాలో చూడు."

పటం మొహం మీద పెట్టాడు. ముసలాడు దానికేసి చూడనైనా చూడలేదు.

"పటం కదలదు. బురద కదుల్తుంది. కాలవ తూములు ఎత్తినప్పుడల్లా గట్టినేల చోటు మారుతుంది. మీ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశా."

"ఏమన్నారు?"

"పటంలో ఉన్నట్టే ఉంచమన్నారు. అందరూ నీలాంటివాళ్లే."

"నీ మూలంగా నా ఉద్యోగం ఊడేట్టుంది. రేపు స్కూలు పిల్లలు నలభై మందిని వెంటేసుకుని రేంజరు వస్తున్నాడు."

ముసలాడు మొదటిసారి తలెత్తాడు. "రేపు పిల్లల్ని తేవద్దు. నిన్ననే తూములు ఎత్తారు."

"నాకు చెప్పడానికి నువ్వెవడివి?"

గార్డు వెదురు కర్ర లాక్కున్నాడు.

"మళ్లీ గేటు దాటావంటే పోలీసుల్ని పిలుస్తా. నడు."

"కర్ర ఇచ్చెయ్. అది లేకపోతే నాకు నేల తెలీదు."

"పటం కొనుక్కో. గేటు దగ్గర అమ్ముతున్నాం."

ముసలాడు అతన్ని ఎగాదిగా చూశాడు. "పటం చూసి నడిచేవాడికి కాళ్లెందుకయ్యా," అని వెళ్లిపోయాడు.

గార్డు గట్టినేల మీంచే ఒంగి, గుంజని పటంలో ఉన్న చోట దింపాడు. సుత్తి అక్కర్లేకుండానే దిగిపోయింది. పని తేలికైనందుకు సంతోషించాడు. పీడ విరగడైందనుకున్నాడు.

ఆదివారం పిల్లలు వరసగా నడిచారు. ముందు గార్డు, వెనకాలే అదే స్కూల్లో చదివే అతని కూతురు, అందరికీ చివర రేంజరు.

తొమ్మిది దాటారు. పది దాటారు.

పదకొండోది మళ్లీ నాలుగడుగులు కుడికి జరిగి ఉంది.

గార్డుకి కోపం నషాళానికి అంటింది. అప్పుడే పీకుదామంటే వెనక రేంజరు ఉన్నాడు. కూతురు అప్పటికే గుంజ వైపు తిరిగింది. దాని వెనక మిగతా పిల్లలూ తిరిగారు. ఒక్కరి చెప్పుకీ బురద అంటలేదు.

గేటు దగ్గర రేంజరు అతని భుజం తట్టాడు. "దారి బాగా ఉంచావు. రేపు నీ పర్మనెంటు కాగితం పంపిస్తా."

సోమవారం పటంతో సరిచూసేలోపు గుంజ మార్చెయ్యాలి. గార్డు ఊతానికి ముసలాడి కర్రే పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. పటంలో ఉన్న చోట కర్రతో పొడిచాడు.

కర్ర దిగింది. ఇంకా దిగింది. పిడికిలికి నీళ్లు తగిలాయి గానీ అడుగు తగల్లేదు.

గుంజ నిన్న తను దింపిన చోటే ఉండి ఉంటే, మొదటి అడుగు తనది. రెండోది కూతురిది.

అప్పుడు చూశాడు. ఆ చోట ఎవరూ అడుగెయ్యకుండా ఎవరో రెల్లు కోసి అడ్డంగా పరిచారు. సగమే పరిచారు. ఆ సగానికి అవతల, రెల్లు చాటున నీళ్ల మీద, బూడిదరంగు టోపీ.

మధ్యాహ్నానికి తాళ్లేసి బయటికి తీశారు. రేంజరు ముసలాడి మొహం మీది బురద తుడిచి, గుర్తుపట్టాడు.

"ఈయన ఏమైపోయాడో ఎవరికీ తెలీదు, ఇక్కడే ఉన్నాడన్నమాట," అన్నాడు. "నీ పటం ఇలా ఇవ్వు."

కింది మూల, ఎవరూ చదవని చిన్న సంతకం మీద వేలు పెట్టాడు.

మూడు నెలలుగా గార్డు ఏ పటం పట్టుకుని ఆయన్ని దొంగ అన్నాడో, ఆ పటం గీసిందీ ఆయనే, అది తప్పైపోయిందని రోజూ నడిచి దిద్దుకుంటున్నదీ ఆయనే.