నాలుగో కొటేషన్

“వద్దు. ఇతను కూడా వద్దు,” అంది థ్రేస్యామ్మ, ఎలక్ట్రీషియన్ లింటో స్కూటరు ఇంకా వీధి మలుపు తిరగకముందే.

“అమ్మచ్చీ! పన్నెండు వేలకే చేస్తానన్నాడు!” కూతురు జిన్సీ చేతిలోని కాగితం ఊపింది. “ఇంతకన్నా తక్కువకి త్రిస్సూరు మొత్తంలో ఎవరు చేస్తారు?”

“వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాడట, విన్నావా? రేపేదైనా ఇబ్బందొస్తే ఎవర్ని పిలవను? విమానమెక్కి వస్తాడా?”

నిన్న వచ్చిన సిజో విషయంలోనూ ఇదే తంతు. టీ తాగినంతసేపూ ఫోన్ చూశాడని థ్రేస్యామ్మ అతణ్ణి కొట్టిపారేసింది. మాట్లాడేటప్పుడే మొహంలోకి చూడనివాడు మీటరు వైపు మాత్రం ఏం చూస్తాడట!

శుక్రవారం కారు వస్తోంది. చిన్నది, తెల్లది, జిన్సీ తన జీతంతో కొనుక్కున్న మొట్టమొదటి బండి. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకునే నర్సు ఉద్యోగం సోమవారం మొదలు. సొంత బండి ఉంటేనే ఆ ఉద్యోగం. బండేమో కరెంటుది. శుక్రవారానికి ఇంటి గోడ మీద ఛార్జరు లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. భయం సంగతి సరే, సంతోషంతో మాత్రం జిన్సీకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. వాకిట్లో ఖాళీ జాగాలో నిలబడి, లేని స్టీరింగు తిప్పుతూ రెండుసార్లు పక్కింటివాళ్ళకు దొరికిపోయింది.

ఎలక్ట్రీషియన్లను వెతికే పని థ్రేస్యామ్మే నెత్తిన వేసుకుంది. చర్చిలో గంట కొట్టే ఔసేప్పు చేట్టన్‌ను అడిగి మూడు పేర్లు రాయించుకొచ్చింది. ఊళ్ళో ఎవరి సంగతైనా ఆయనకు తెలియనిది లేదు.

ఈ వరస చూసి జిన్సీకి ఒళ్ళు మండి, ఆసుపత్రిలో వాకబు చేసి తనే ఒకాయన్ని పిలిపించింది. చేయి తిరిగిన మనిషి. పదకొండు వేలన్నాడు, రేపే వస్తానన్నాడు.

“పిల్లలెంతమంది?” అంది థ్రేస్యామ్మ.

“ఇద్దరు, చేచ్చీ,” అన్నాడు, అక్కా అన్నంత చనువుగా.

“చల్లగా ఉండాలి,” అని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద టీ నీళ్ళు కూడా పెట్టలేదు. ఆయన వెళ్ళాక తల్లీకూతుళ్ళకు పెద్ద యుద్ధమే జరిగింది.

“నా ఉద్యోగం పోగొట్టేదాకా నిద్రపోవా నువ్వు?”

“ఇంకొక్కడున్నాడే. చూశాక నీ ఇష్టం.”

బుధవారం, జోరు వానలో ఔసేప్పు రాయించిన మూడోవాడు, ఫెబిన్ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, మీటరు పెట్టె తెరిచి, తల అడ్డంగా ఊపాడు.

“ఈ వైరు మీద పెడితే వారంలో మాడిపోతుంది. కొత్తది లాగాలి. ఎర్తింగూ కొత్తగా వెయ్యాలి. ఇరవై ఆరు వేలు.”

“ఇరవై ఆరా!” టీ గ్లాసు అందించబోతున్న జిన్సీ చెయ్యి వెనక్కి లాక్కుంది. “మా ఇంటికా, ఊరందరికీనా?”

“ఊరందరికీ అయితే తగ్గించేవాణ్ణి. మీరు బండి రివర్సులో పెడతారా, ముందుకా?”

“రివర్సులో.”

“మీకు రివర్సు చెయ్యడం వచ్చా?”

“మీ స్కూటరు నా దారిలో పెట్టి చూడండి, తెలుస్తుంది.”

అతను గట్టిగా నవ్వేశాడు. గోడ మీద అంతకుముందు తను సుద్దతో గీసిన గుర్తు చెరిపి, రెండో పక్కన గీశాడు. “అయితే ఇక్కడ. వానలో వచ్చినా తడవకుండా ప్లగ్గు పెట్టుకోవచ్చు.”

ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. జిన్సీ టీ ఇచ్చేసింది.

“ఎర్తింగ్ గుంట ఎవరు తవ్వుతారు?” అడిగింది థ్రేస్యామ్మ.

“నేనే, చేచ్చీ.”

“గల్ఫు ఆలోచన ఏమైనా ఉందా?”

“ఈ వాన వదిలి నేనెక్కడుంటాను!”

“ఖాయం. శుక్రవారం పొద్దున్నే వచ్చెయ్.”

అతను వెళ్ళాక జిన్సీ నోరెళ్ళబెట్టింది. “అందరికన్నా ఎక్కువ అడిగినవాడు!”

“మంచి పనికి ఖరీదు చూడకూడదే.”

చిత్రంగా, ఈసారి జిన్సీ వాదించలేదు. గురువారం అతనికి మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి స్విచ్చు ఎంత ఎత్తులో ఉండాలని. రెండోసారి పైపు రంగేమిటని. మూడోసారి ఎందుకు చేసిందో గుర్తు రాలేదు. అయినా అరగంట మాట్లాడింది.

శుక్రవారం తొమ్మిదింటికి కారు గేటులోకి వచ్చింది. జిన్సీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది, కారు చుట్టూ తిరిగింది, అద్దం తుడిచింది, మళ్ళీ తిరిగింది. గోడ పక్కన గుంటలో మోకాళ్ళ దాకా బురదతో ఫెబిన్, గునపం ఆపి ఆమెనే చూస్తున్నాడు.

కారు వెనకే ఒక వ్యాను ఆగింది. అట్టపెట్టె మోసుకుంటూ ఇద్దరు దిగారు.

“జిన్సీ గారి ఇల్లేనా? ఛార్జరు బిగించాలి.”

“మేం పెట్టించుకుంటున్నామండీ. అయినా మీరెంత తీసుకుంటారు?”

“ఎంతేమిటి మేడం, కారుతోపాటు వచ్చేదేగా! వైరు, ఎర్తింగు, అన్నీ కంపెనీవే. మీరు బుక్ చేసిన రోజే మీ అమ్మగారికి ఫోన్లో చెప్పాం.”

జిన్సీ వంటింట్లోకి పరుగెత్తింది. థ్రేస్యామ్మ నూనెలో అరటిపండు బజ్జీలు వేస్తోంది.

“అమ్మచ్చీ! నీకు ముందే తెలుసా? మరి వాళ్ళందర్నీ ఎందుకు పిలిచావు?”

థ్రేస్యామ్మ కిటికీలోంచి గుంటలోని మనిషిని తృప్తిగా చూసి, బజ్జీ తిరగేసింది.

“కారు కొంటే ఛార్జరు ఊరికే వస్తుందే, అల్లుడు రాడుగా!”